తలకీ, ఒంటికీ, వంటకీ ఒకే కొబ్బరినూనె వాడొచ్చా?

పుట్టింటి నుంచి గానుగ కొబ్బరినూనె పెద్ద డబ్బా వచ్చిందని, తలకీ ఒంటికీ వంటకీ అదే వాడొచ్చా అని విజయనగరం నుంచి ఒక చెల్లెమ్మ అడిగారు. ఇంట్లో ఆరు నెలల పాప ఉందన్నారు. వాడొచ్చమ్మా. ఎండు కొబ్బరి ఆడించి, వేరే ఏదీ కలపని నూనె అయితే మూడింటికీ అదే సరిపోతుంది. మాది శ్రీకాకుళం జిల్లా కవిటి దగ్గర. మా ఇంట్లో ఎప్పుడూ ఒకటే డబ్బా, అందులోంచే వంటింట్లోకి ఒక గిన్నె, అద్దం దగ్గరికి ఒక సీసా.

ముందు మూత తీసి వాసన చూడండి. కమ్మగా ఉంటే సరే. ముక్కిన వాసన వస్తే కొబ్బరి సరిగా ఎండకుండా, బూజు పట్టాక ఆడించారని అనుమానించాలి. అది నోట్లోకి వద్దు. చలికాలంలో గడ్డకట్టిందని కంగారు పడకండి, సుమారు 24 డిగ్రీల కంటే చల్లబడితే ఏ కొబ్బరినూనె అయినా పేరుకుంటుంది. గిన్నెడు వేడినీళ్ళలో సీసా పెడితే కరిగిపోతుంది.

కొట్లో కొనేటప్పుడు మాత్రం లేబుల్ చదవండి. మల్లె వాసన, రంగు, మూలికలు కలిపిన తలనూనె వంటకు పనికిరాదు. ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు నంబరు ఉన్నది తినడానికి అమ్ముతున్న నూనె. చిన్న సీసాల్లో అమ్మే అచ్చమైన కొబ్బరినూనె వంటనూనా, తలనూనా అని పన్నుల వాళ్ళకీ కంపెనీలకీ ఏళ్ళ తరబడి కేసు నడిచింది. తలనూనె అని చెప్పి అమ్మితే తప్ప అది వంటనూనే అని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది.

ఇక జుట్టు. కొబ్బరినూనె అసలు గొప్పతనం ఇక్కడే ఉంది. ఇందులో దాదాపు సగం లారిక్ ఆమ్లం అనే కొవ్వు పదార్థం. అది వెంట్రుక పైన ఆగిపోకుండా లోపలికి దిగుతుంది. అందుకే తలంటుకు ముందు రాస్తే, నీళ్ళకి వెంట్రుక ఉబ్బి దెబ్బతినడం తగ్గుతుంది. కొబ్బరినూనెను పొద్దుతిరుగుడు నూనెతో, మినరల్ ఆయిల్‌తో పోల్చి చూసి 2003లో అచ్చయిన ఒక పరిశోధనలో, వెంట్రుకలోని ప్రోటీన్ పోకుండా కాపాడింది కొబ్బరినూనె ఒక్కటే. మా వైపు బోరు నీళ్ళు ఉప్పదనం. ఆ నీళ్ళతో తలంటుకుంటే జుట్టు పీచులా బిరుసెక్కుతుంది. ముందు రోజు రాత్రి, లేకపోతే కనీసం రెండు గంటల ముందు, కొసల దాకా పట్టించిన వాళ్ళ జుట్టుకీ పట్టించని వాళ్ళ జుట్టుకీ తేడా చేత్తో ముట్టుకుంటే తెలుస్తుంది. మందార ఆకు, గుంటగలగరాకు వేసి కాచినా మంచిదే, కానీ ఆకులో తడి పూర్తిగా ఇగిరే దాకా సన్నసెగ మీద ఉంచాలి, లేకపోతే నూనె త్వరగా పాడవుతుంది. రాలిన చోట కొత్త జుట్టు మొలుస్తుందని మాత్రం ఎవరు చెప్పినా నమ్మకండి. చుండ్రు ఉంటే నూనె రోజుల తరబడి తలమీద ఉంచకూడదు, ఇంకా పెరుగుతుంది.

పాప గురించి కాస్త గట్టిగానే చెబుతాను. ఒంటికి రాసి మెల్లగా మర్దనా చేయండి, చర్మానికి చాలా మంచిది. ముక్కులో, చెవుల్లో చుక్కలు వేయనివ్వకండి. మన వైపు పెద్దవాళ్ళు ప్రేమతోనే వేస్తారు, కానీ ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా వస్తుంది. అత్తగారికి చెప్పడం కష్టమైతే పిల్లల డాక్టరు చేత చెప్పించండి, టెన్షన్ ఉండదు. పాప ఒంటి మీద ఎర్రటి పొక్కులు ఉంటే డాక్టరుకి చూపించాకే రాయండి.

పగిలిన మడమలకి, పెదాలకి రాత్రిపూట రాసుకోండి. మొటిమలు వచ్చే ముఖానికి వద్దు, రంధ్రాలు మూసుకుపోతాయి. చెయ్యి కాలితే వెంటనే నూనె పూయకండి, కుళాయి నీళ్ళ కింద 20 నిమిషాలు పెట్టండి.

వంటకి వస్తే, మన శ్రీకాకుళం, విజయనగరం నాలుకలు నువ్వుల నూనెకి అలవాటు పడినవి. చేపల పులుసులో, ఆవపెట్టిన కూరల్లో కొబ్బరినూనె నాకు రుచించదు. బీన్స్‌లో కొబ్బరికోరు వేసి చేసే కూరకి, అరటికాయ వేపుడుకి మాత్రం ఇదే వాడతాను. గానుగ నూనె సుమారు 175 డిగ్రీలకే పొగలు కక్కుతుంది కాబట్టి మంట పెంచకండి. ఇందులో నూటికి 90 వంతుల దాకా కొలెస్ట్రాల్ పెంచే సంతృప్త కొవ్వే. ఇంట్లో గుండె జబ్బు, కొలెస్ట్రాల్ ఉన్నవాళ్ళకి రోజూ ఇదే పోసి వండవద్దు, అప్పుడప్పుడూ చెంచాడు చాలు. పనసకాయ కోసేటప్పుడు కత్తికీ చేతులకీ ముందుగా రాసుకుంటే జిగురు అంటదు. మా కవిటి చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతంలో ఇది తెలియని ఇల్లు ఉండదు.

డబ్బా అయిపోయాక మళ్ళీ కావాలంటే ఉద్దానం కొబ్బరి తెప్పించి దగ్గర్లోని గానుగలో ఆడించుకోండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా చెట్లను లక్షల్లో కూల్చేసింది. కొబ్బరి మొక్క కాపుకొచ్చేసరికి ఐదారేళ్ళు దాటుతుంది, అప్పుడు నాటినవి ఇప్పుడిప్పుడే కాస్తున్నాయి. కిలో ఎండు కొబ్బరికి 600 గ్రాముల దాకా నూనె వస్తుంది. దగ్గరుండి ఆడించుకోండి.