ఘన ఇంధనమా, ఘన చోదకమా?

సందేహం: "పీఎస్ఎల్‌వీ రాకెట్ మొదటి దశలో ఘన ఇంధనం వాడతారు" అని పత్రికల్లో చదువుతుంటాం. నేను క్లాసు నోట్సులో "ఘన ఇంధనంలో ఇంధనం, ఆక్సీకరణి, బైండర్, కొన్ని సంకలనాలు ఉంటాయి" అని రాస్తే, ఇంధనంలో ఇంధనం ఏమిటని ఒక విద్యార్థి అడిగాడు. ఈ వాక్యాన్ని ఎలా సరిచేయాలి? బైండర్‌ను బంధనం అనవచ్చా?
– ఒక ఉపాధ్యాయిని

సమాధానం: మీ విద్యార్థి అసలు చిక్కును పట్టేశాడు. ఇంధనం అంటే మండేది మాత్రమే. మండించడం అనే అర్థమున్న 'ఇంధ్' ధాతువు నుంచి వచ్చిందది, సమిధ అన్న మాట కూడా ఆ ధాతువు నుంచి పుట్టిందే. కారుకు పెట్రోలు పోస్తే చాలు, ఆక్సిజన్ గాలిలోంచి వస్తుంది. అందుకే మన వాడుకలో ఇంధనం ఒక్కటే మిగిలింది. రాకెట్‌కు ఆ సౌకర్యం లేదు, మండడానికి ఆక్సిజన్ అందించే ఆక్సీకరణిని కూడా వెంట తీసుకెళ్లాలి. ఈ రెండూ కలిసిన మొత్తాన్ని చోదకం అనాలి. 'చుద్' అంటే ముందుకు తోయడం. గాయత్రీ మంత్రంలోని ప్రచోదయాత్, మనం రోజూ అనే వాహన చోదకుడు అక్కడివే. పీఎస్ఎల్‌వీ రెండో దశలాంటి ద్రవ దశల్లో ఇంధనం ఒక ట్యాంకులో, ఆక్సీకరణి మరో ట్యాంకులో విడివిడిగా ఉంటాయి కాబట్టి తేడా కంటికి కనిపిస్తుంది. ఘన దశలో రెండూ ఒకే ముద్దలో ఉంటాయి, అక్కడే మాట తడబడుతోంది.

'ఘన ఇంధన రాకెట్' అని వార్తలో రాస్తే నేను తప్పుపట్టను, అది వాడుకలో స్థిరపడిపోయింది. కానీ లోపల ఏముందో వివరించే చోట ఆ మాట పనికిరాదు.

ఇక బైండర్, అంటే ముద్దను పట్టి ఉంచే పదార్థం. మీ వాక్యం చదివితే ఇంధనం వేరు, బైండర్ వేరు అనిపిస్తుంది. అది పొరపాటు. మన రాకెట్లలో బైండర్‌గా వాడేది హెచ్‌టీపీబీ. ఈ కృత్రిమ రబ్బరు పదార్థం మొదట చిక్కటి ద్రవంగా ఉంటుంది. అందులో అమ్మోనియం పెర్‌క్లోరేట్ స్ఫటికాలు, అల్యూమినియం పొడి, గట్టిపరిచే పదార్థం కలిపి, రాకెట్ మోటారు కేసులో (బయటి గొట్టంలో) పోసి, వెచ్చగా ఉంచితే రబ్బరులా గట్టిపడుతుంది. పల్లీపట్టీలో పప్పును పట్టి ఉంచే బెల్లం పాకాన్ని ఎవరూ పక్కన పెట్టి తినరు కదా! అలాగే ఈ రబ్బరు కూడా అల్యూమినియంతో పాటు మండిపోతుంది. పట్టి ఉంచడం, మండడం రెండూ దాని పనులే.

దాన్ని బంధనం అనకండి. బంధనం అంటే కట్టడం లేదా సంకెల. రసాయన శాస్త్రంలో బంధం అన్న మాట ఎలాగూ ఉంది, పిల్లలు రెండూ కలిపేసుకుంటారు. పని చేసేదాన్ని చెప్పడానికి మనకు 'క' ప్రత్యయం ఉంది: చోదకం, వాహకం, ఉత్ప్రేరకం. ఆ వరసలో బంధకం సరైన మాట. బైండర్ అనే రాసినా తప్పేమీ లేదు, శ్రీహరికోటలో ఈ చోదకాన్ని పోతపోసే వాళ్లూ అదే అంటారు.

సంకలనం కూడా మార్చాలి. అది కూడిక, లేదా కథల సంపుటి. కలిపిన పదార్థం సంకలితం. అంతకన్నా, ఒక్కోదాన్ని దాని పనితో చెప్పడం మేలు. ఐరన్ ఆక్సైడ్ లాంటిది దహన వేగాన్ని పెంచే ఉత్ప్రేరకం. ప్లాస్టిసైజర్ ముద్దను పోయడానికి వీలుగా పలచన చేస్తుంది, గట్టిపడ్డాక పెళుసుబారకుండా చూస్తుంది. రబ్బరు ఏళ్ల తరబడి పాడవకుండా యాంటీ ఆక్సిడెంట్ కాపాడుతుంది. నిండా ఆక్సీకరణి ఉన్న ముద్దలో యాంటీ ఆక్సిడెంట్ ఏమిటని మీ విద్యార్థి అడగడం ఖాయం! అది రబ్బరుకు కాపలా, మండడానికి అడ్డు కాదు. ఇవన్నీ స్వల్ప మోతాదులో కలిపేవి. అల్యూమినియాన్ని మాత్రం ఈ జాబితాలో వేయకండి, అది ఇంధనమే.

మీ వాక్యం ఇలా ఉంటే బాగుంటుంది: "ఘన మిశ్రమ చోదకంలో అమ్మోనియం పెర్‌క్లోరేట్ ఆక్సీకరణి, అల్యూమినియం పొడి, రబ్బరు బైండర్ ఇంధనాలు, దహన వేగాన్ని, గట్టిదనాన్ని సరిచేసే సంకలితాలు కొద్దిగా ఉంటాయి." ఇక్కడ మిశ్రమం అనే అనాలి, సమ్మేళనం అనకూడదు. రబ్బరు తనలో తాను అల్లుకుంటుందే కానీ, పెర్‌క్లోరేట్ స్ఫటికాలు మండేదాకా స్ఫటికాలుగానే ఉంటాయి.

మరొక్క మాట. ఇంగ్లిషు పుస్తకాల్లో ఈ పోతముద్దను గ్రెయిన్ అంటారు. దాన్ని గింజ అని అనువదించకండి. పీఎస్ఎల్‌వీ మొదటి దశ పేరు ఎస్139, ఎస్ అంటే సాలిడ్, 139 అంటే సుమారుగా అన్ని టన్నుల చోదకం. అంతటినీ ఐదు భాగాలుగా పోతపోస్తారు. ఒక్కో భాగం టన్నుల కొద్దీ బరువుంటుంది, దాన్ని చోదక దిమ్మె అంటే సరిపోతుంది.