నోటు తిరగరాయమన్నందుకు మాటలు ఆగిపోయాయి

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లె. నాకు 41, మావారికి 47. రెండెకరాల వరి సొంతం. అది కాక ఆరెకరాల చెరువు లీజుకి తీసుకుని వనామీ రొయ్య వేశారు. వరసగా రెండు పంటలు పోయాయి. మొదటిది వైట్ స్పాట్ జబ్బుకి పోయింది, రెండోది 2025 ఆగస్టులో అమెరికా సుంకాల గొడవలో రేటు పడిపోయి పోయింది. మా అన్నయ్య దగ్గర రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన ఎనిమిది లక్షలు అలాగే ఉన్నాయి, వడ్డీ కూడా కట్టలేదు. మూడేళ్లు కావస్తోందని అన్నయ్య నోటు తిరగరాయమన్నాడు. ఆ రోజు నుంచి ఈయన అన్నయ్యతో మాట్లాడరు, మా వైపు శుభకార్యాలకి రారు, రాత్రి మూడింటికి లేచి అరుగు మీద కూర్చుంటారు. ఈమధ్య మా పుట్టింటి వైపు అంబాజీపేటలో ఒక పెళ్లిలో మా వదిన అందరి ముందూ ‘మీ ఆయనకి మొహం చెల్లట్లేదా’ అంది. ఈయనకి తెలియకుండా నా నగలు అమ్మి బాకీ కట్టేద్దామా? సంక్రాంతికి నేనూ పిల్లలూ పుట్టింటికి వెళ్లొచ్చా? ఇద్దరి మధ్యా నలిగిపోతున్నాను.

జవాబు: అమ్మా, ముందు ఆ నోటు సంగతి చూద్దాం, ఎందుకంటే మీ ఇంట్లో మాటలు ఆగింది అక్కడే.

ప్రామిసరీ నోటుకి బలం మూడేళ్లే. రాసిన తేదీ నుంచి మూడేళ్లు దాటితే అది చేతిలో ఉన్నా కోర్టులో పనికిరాదు. అందుకే గడువు దగ్గరపడితే ఇచ్చినవాళ్లు తిరగరాయమంటారు, సొంత తమ్ముడికి ఇచ్చినా అంటారు, అందులో అపనమ్మకం ఏమీ లేదు. కానీ చెరువు నిండుగా ఉన్న రోజుల్లో మీ అన్నయ్య అదే మాట అని ఉంటే మీవారు నవ్వుతూ సంతకం పెట్టేసి టీ తాగి వచ్చేవారు. రెండు పంటలు పోయి ఉన్న మనిషికి అదే మాట ‘నిన్ను నమ్మట్లేదు’ అన్నట్టు వినిపిస్తుంది. ఇద్దరిలో ఎవరిదీ తప్పని నేను అనను.

అయితే నాకు ఇంకో అనుమానం ఉంది. మీవారిని కుంగదీసింది అవమానం ఒక్కటే కాకపోవచ్చు, లెక్క కూడా అయ్యుండొచ్చు. నోటు తిరగరాయడం అంటే మన దగ్గర చాలాసార్లు వడ్డీని అసలులో కలిపి కొత్త నోటు రాయడమే. ఎనిమిది లక్షలకి రెండు రూపాయల వడ్డీ అంటే నెలకి 16,000, మూడేళ్లకి 5,76,000. అదంతా కలిపి కొత్త నోటు రాస్తే 13,76,000 అవుతుంది, ఆ పైన దాని మీద నెలకి 27,520 వడ్డీ నడుస్తుంది. రెండెకరాల వరి ఉన్న ఇంటికి ఇది మోయగలిగే బరువు కాదు. రాత్రి మూడింటికి అరుగు మీద కూర్చున్న ఆయన మనసులో ఈ అంకెలే తిరుగుతూ ఉండొచ్చు, మీతో చెబితే మీ పుట్టింటివాళ్లని అన్నట్టు అవుతుందని ఊరుకుని ఉండొచ్చు. ఒకసారి అడిగి చూడండి. ‘అన్నయ్య మీద కోపమెందుకు’ అని అడక్కండి, ‘కొత్త నోటు ఎంతకి రాయాల్సి వస్తుందండీ’ అని అడగండి. దేనికి నోరు విప్పుతారో మీకే తెలుస్తుంది.

దీనికి దారి లేకపోలేదు. గడువు దాటకముందే ఎంతో కొంత, ఇరవై వేలైనా సరే, మీ అన్నయ్య చేతిలో పెట్టి, పాత నోటు వెనకే తేదీతో చెల్లు రాసి మీవారు సంతకం చేస్తే ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు వస్తాయి. మీ అన్నయ్య డబ్బుకి భద్రత ఉంటుంది, వడ్డీ అసలులో కలవదు. దాంతోపాటు వడ్డీ రూపాయికి తగ్గించమని అడగడంలో నామోషీ ఏమీ లేదు, నెలకి ఎనిమిది వేలు తేలికవుతుంది. అడిగే మాట పొట్టిగా ఉంటే మంచిది: ‘బావగారూ, ఈ ఏడాది మొత్తం నా వల్ల కాదు. ఇవాళ ఇంత తెచ్చాను, దాళ్వా కోతలయ్యాక ఇంత ఇస్తాను, వడ్డీ కొంచెం చూడండి.’ అంతే, రొయ్యల కథంతా మొదటినుంచీ చెప్పక్కర్లేదు. ఇవ్వగలిగిన తేదీయే చెప్పాలి, ఎదుటివాళ్లని శాంతపరచడానికి దగ్గరి తేదీ చెప్పి మళ్లీ తప్పితే మాత్రం ఈసారి నిజంగానే నమ్మకం పోతుంది.

ఈ మాట మీ నోటితో మాత్రం వెళ్లకూడదు. ఇన్నాళ్లూ అక్కడి మాట ఇక్కడికీ ఇక్కడి మాట అక్కడికీ మోస్తున్నది మీరే అని మీ ఉత్తరం చదివితే తెలుస్తోంది, నలిగిపోవడం అక్కడే మొదలైంది. ఈయన కోపంగా అన్నది మీరు మెత్తగా చేసి చెబుతారు, అన్నయ్య విసుగ్గా అన్నది మీరు సగం దాచుకుంటారు, చివరికి ఇద్దరికీ మీ మీదే అనుమానం. అన్నయ్యతో ఒక్క ముక్క చెప్పేయండి: ‘డబ్బు సంగతి మీరూ మీ బావా మాట్లాడుకోండి, నేను చెల్లెలిగానే వస్తాను.’ ఇంట్లోనూ అదే చెప్పండి. ఆయన ఒక్కరే వెళ్లలేకపోతే రెండు వైపులా గౌరవం ఉన్న పెద్దాయన్ని ఎవరినైనా తోడు తీసుకెళ్లమనండి, చించినాడ వంతెన దాటి వెళ్లి రావడానికి ఒక పూట చాలు.

ఇక నగలు. అవి మీ స్త్రీధనం, అమ్మినా ఉంచుకున్నా మీ ఇష్టం, చట్టప్రకారం కూడా అంతే. కానీ దొంగచాటుగా మాత్రం వద్దమ్మా. ఆ సంగతి ముందు అన్నయ్యకి తెలుస్తుంది, తర్వాత వదినకి, ఆ తర్వాత ఊళ్లో సగం మందికి, ఆఖరున మీవారికి. ఆయన బాధపడుతున్న అవమానం ఇప్పటిదాకా సగం ఊహే, ఆ రోజు నిజమైపోతుంది. పైగా ఉత్తరంలో మీరు రాయని బాకీలు ఉండొచ్చు. ఫీడ్ షాపులో అరువు, చెరువు నీళ్లకి గాలి ఆడించే ఏరేటర్ల కరెంటు బిల్లు, లీజు మిగులు, ఇవన్నీ సాధారణంగా ఉండేవే. ఇద్దరూ కూర్చుని అన్నీ ఒక కాగితం మీద రాయండి, ఎవరికెంత, వడ్డీ ఎంత, ఎవరు ఆగగలరు, ఎవరు ఆగలేరు అని. అది చూశాక నగలు తీయాలా వద్దా, తీస్తే ఏ బాకీకి అన్నది ఇద్దరూ కలిసి తేల్చుకోండి. బహుశా మొదట తీర్చాల్సింది మీ అన్నయ్యది కాకపోవచ్చు.

మూడింటికి లేవడం గురించి మీరు భయపడుతున్నారు. కొంత భయపడాల్సిందే, కొంత అక్కర్లేదు. చెరువు చేసినవాళ్లకి తెల్లవారుజామే గండం, నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయేది అప్పుడే, టార్చ్ పట్టుకుని గట్టు మీదకి వెళ్లి ఏరేటర్లు ఆగలేదు కదా అని చూసుకునే మనిషికి చెరువు ఎండగట్టినా ఆ మెలకువ అంత త్వరగా పోదు. అది ఒక్కటే అయితే కొన్నాళ్లకి సర్దుకుంటుంది. తిండి తగ్గిందా, మందు పెరిగిందా, పిల్లల మీద ఊరికే అరుస్తున్నారా, ఇష్టంగా చేసే పనులు కూడా మానేశారా చూడండి. ఇవి రెండు వారాలకి మించి సాగుతుంటే సైకియాట్రిస్టుకి చూపించాలి, భీమవరంలోనూ ఏలూరులోనూ ఉన్నారు. ‘పిచ్చి డాక్టరా’ అంటారు, ‘నిద్ర డాక్టరు’ అనండి, అబద్ధమేమీ కాదు. ‘నేను లేకపోతే మీరు బాగుంటారు’ లాంటి మాట ఎప్పుడైనా వచ్చిందా? వస్తే తిప్పి తిప్పి కాదు, ‘చనిపోవాలని అనిపిస్తోందా’ అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు, ఉన్నది బయటికి వస్తుంది. వరికి కొట్టే మందు డబ్బాలు ఇంట్లో ఉంటే ఈ రోజే వేరే చోటికి పంపించండి. టెలీ మానస్ అని ప్రభుత్వ ఫోన్ సాయం ఉంది, నంబరు 14416, ఖర్చు లేదు, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు, మీరు చేసినా ఆయన చేసినా సరే.

వైట్ స్పాట్ వైరస్, చెరువులో పడ్డాక దానికి మందు లేదు. అమెరికా సుంకం యాభై శాతానికి వెళ్లింది ఈయన మేత ఎక్కువ వేసినందుకు కాదు. ఇది ఆయనకీ తెలుసు, అయినా మీరు చెబితే ఓదార్పులాగే ఉంటుంది. 1990ల మధ్యలో టైగర్ రొయ్య వేసి ఇదే జబ్బుకి నష్టపోయి, తర్వాత నిలదొక్కుకున్న పెద్దవాళ్లు మీ చుట్టుపక్కల ఉండే ఉంటారు, అలాంటివారితో ఒక సాయంత్రం కూర్చుంటే నా నాలుగు పేజీల సలహా కంటే అది బాగా పనిచేస్తుంది.

వదిన మాట తప్పే. అన్నయ్యకి చెప్పకండి, ఆవిడతోనే ఒంటరిగా ‘నలుగురిలో అలా అనకుండా ఉండాల్సింది వదినా’ అనండి, ఆపేయండి. ఆ ఎనిమిది లక్షల్లో ఆవిడ చీటీ డబ్బులు కూడా ఉన్నాయేమో మనకి తెలియదు కదా.

సంక్రాంతికి వెళ్లొచ్చు. మీవారిని మాత్రం బలవంతపెట్టకండి. మన గోదావరి జిల్లాల్లో అల్లుడికి పండగ మర్యాద ఎలా ఉంటుందో మీకు తెలియంది కాదు, బాకీ ఉన్న మనిషి ఆ నిండు విస్తరి ముందు కూర్చుని ‘ఇంకొంచెం వడ్డించండి’ అనిపించుకోవడం శిక్షలాగే ఉంటుంది. పండక్కి ముందే ఆ చెల్లు వేయడం అయిపోతే ఆయనే బయల్దేరొచ్చు. కాకపోతే మీరూ పిల్లలూ భోగికి వెళ్లి, కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూసి వచ్చేయండి. మీరు లేనన్ని రోజులూ ఆయన అన్నదమ్ముల్లో ఒకరు మీ ఇంట్లో పడుకునేట్టు ముందే మాట్లాడి పెట్టుకోండి. పైన చెప్పిన ‘నేను లేకపోతే’ మాటలు మీ చెవిన పడి ఉంటే మాత్రం ఈ ఏడాది పుట్టింటికి వద్దు, ఆయన్ని ఒంటరిగా వదలకుండా ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.