సిమ్స్ కొండ ఎక్కబోయే ముందు

చిట్టీ,

పాత బీటిల్ కారు కొన్నావనీ, జనవరిలో ఇంగ్లండులో కార్లతో బురద కొండలెక్కే ఎక్సెటర్ ట్రయల్‌కి పేరిచ్చావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. "దానికి నీ పిచ్చే పట్టింది" అని నన్నే తిట్టింది. ఫోన్ పెట్టేశాక గరాజ్‌లోకి వెళ్లి, దారి వివరాలుండే నా పాత రూట్ కార్డుల డబ్బా ముందేసుకుని చాలాసేపు కూర్చున్నాను. మనింటి పిల్ల డెవన్ అడవుల్లో బురద కొండలెక్కుతుందంటే గర్వంగానే ఉంది. రాత్రి నిద్ర పట్టనిది మాత్రం గర్వం వల్ల కాదు.

బండి గురించి పెద్దగా చెప్పేదేం లేదు. బీటిల్‌కి ఇంజనూ వెనకే, నడిపే చక్రాలూ వెనకే కాబట్టి బరువు కావలసిన చోటే ఉంటుంది. బురదలో పట్టు కోసం వెనక టైర్లలో గాలి ఎంత వరకు తియ్యొచ్చో నీ క్లాసు రూల్స్‌లో చూసుకో. సెక్షన్, అంటే పరీక్ష పెట్టే కొండ ముక్క, దాటి రోడ్డెక్కే ముందు మళ్ళీ గాలి కొట్టు. పంపు, తాడు, రెండు టార్చిలు, పొడి సాక్సులు మర్చిపోకు.

ఇది రేసు కాదన్న సంగతి నీకు తెలుసు, మీ ఆయనకి కూడా చెప్పు. 1901లో పుట్టిన మోటార్ సైక్లింగ్ క్లబ్ ఈ ఎక్సెటర్ ట్రయల్‌ని 1910లో మొదలుపెట్టింది. ఇందులో అసలు పరీక్ష, కొండని ఆగకుండా ఎక్కడం. రీస్టార్ట్ బోర్డున్న చోట మాత్రం ఆగి, కొండ మీద కాపలా ఉండే మార్షల్ జెండా ఊపాక కదలాలి. వెనక్కి జారావో, ఆ కొండ పోయినట్టే. ఫింగిల్ కొండ దగ్గర చెట్ల మధ్య మలుపు మీద మలుపు వస్తూనే ఉంటుంది, అక్కడ ఓపిక కావాలి. ఇల్సింగ్టన్ ఊరి పక్కన సిమ్స్ ఉంది చూశావా, అది నిలువు గోడే. అక్కడ ఎంతమంది పెద్దపెద్దవాళ్ళు ఆగిపోగా చూశానో! కాబట్టి ఆగిపోయినా సిగ్గేం లేదు.

పక్క సీట్లో కూర్చునే మీ అబ్బాయి, అదే మీ ఆయన, పని రూట్ చదవడం, సీట్లో ఎగరడం. నవ్వకు, నిజమే. చక్రం జారుతున్నప్పుడు పక్కవాడు పైకీ కిందకీ ఎగిరితే టైరు నేలని పట్టుకుంటుంది. మా చిన్నప్పుడు కోనసీమలో బండి బురదలో దిగబడితే మా నాన్న "అందరూ దిగండ్రా" అనేవాడు. ఇక్కడ దిగకూడదు, కూర్చునే గెంతాలి.

ఇక అసలు సంగతి. 1994లో, సిమ్స్ కంటే చాలా చిన్న కొండ మీద, మీ అత్తయ్య పక్కనుండగా నా బండి ఆగిపోయింది. చిన్న కొండే కదా అని నిర్లక్ష్యం. పై నుంచి మార్షల్ "ఆగు, ఆగు" అంటూనే ఉన్నాడు. నేను వినకుండా క్లచ్ తొక్కేశాను. బండి వెనక్కి జారడం మొదలైంది. కంగారులో బ్రేకు గట్టిగా నొక్కాను. ఎత్తు మీద ముక్కు పైకి లేచి ఉన్నప్పుడు ముందు చక్రాల మీద బరువుండదు, బీటిల్‌కి అసలే ఉండదు. అవి బిగుసుకుపోయాక స్టీరింగ్ ఎటు తిప్పితే ఏం లాభం? ముక్కు గిర్రున తిరిగింది, బండి అడ్డంగా వెళ్లి ఎడమ వైపు మట్టిగట్టుకి కొట్టుకుంది. ఆవిడ చెయ్యి డ్యాష్‌బోర్డుకి అడ్డం పెట్టింది. మణికట్టు విరిగింది.

ఎముకల డాక్టర్ని నేను. ఆ చప్పుడు ఏమిటో వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. ఆవిడ అరవలేదు. "ఇంజను ఆపండి" అంది, అంతే. ఇప్పటికీ చలికాలంలో చపాతీ పిండి నేనే కలుపుతాను. ఆరు నెలల తర్వాత బండి తుడుస్తుంటే చాప కింద ఆవిడ ఆకుపచ్చ గాజు ముక్క దొరికింది. రూట్ కార్డుల డబ్బాలో ఇంకా ఉంది.

అందుకని, బండి ఆగిందా, బ్రేకు మీద నిలబెట్టు. రివర్స్ గేరు వెయ్యి. మార్షల్ సైగ చేసేదాకా కదలకు. తర్వాత బ్రేకు మెల్లగా వదిలి, క్లచ్ మీంచి కాలు పూర్తిగా తీసేసి, ఇంజను పట్టు మీదే తిన్నగా దిగు. మళ్ళీ క్లచ్ తొక్కావంటే నీతో మాట్లాడను. ఖాళీ పొలంలో, చిన్న ఏటవాలు మీద, పది సార్లు చేసి చూడు. ఈ వారమే చెయ్యి, వచ్చే వారం అనకు. నీ చేతిలో స్టీరింగైనా ఉంటుంది, ఆ అబ్బాయి చేతిలో ఏముంటుంది తల్లీ?

రాత్రంతా నడపాలి కాబట్టి మీ అత్తయ్య పులిహోర పంపుతోంది. పొట్లాలు చిన్నవిగా కట్టమన్నాను, ఒక చేత్తో తినడానికి. పెద్ద టిఫిన్ డబ్బాలు వద్దు, మూత తియ్యలేక మేం పడ్డ పాట్లు మాకు తెలుసు.

శనివారం సిమ్స్ దగ్గర కంచె వెనక ఇద్దరం నిలబడి ఉంటాం. మమ్మల్ని చూసి చెయ్యి ఊపకు.

మామయ్య