మెడికల్ షాపులో అడిగితే ఇవ్వట్లేదు.. అబార్షన్ మాత్రలకు డాక్టర్ చీటీ ఎందుకు?

ప్రశ్న: నా వయసు 27. బాబుకు 14 నెలలు. సిజేరియన్ అయింది, ఇంకా పాలిస్తున్నాను. కాన్పయ్యాక నెలసరి సరిగా రావడం లేదు. కండోమ్ వాడుతున్నా మళ్లీ గర్భం వచ్చినట్టుంది, ఇంట్లో టెస్ట్ చేసుకుంటే రెండు గీతలు పడ్డాయి. ఇప్పుడే ఇంకో బిడ్డ వద్దనుకుంటున్నాం. మాత్రల కోసం మావారు రెండు షాపుల్లో అడిగితే చీటీ లేనిదే ఇవ్వం అన్నారట. ఇంకో షాపులో మాత్రం ‘చీటీ అక్కర్లేదు, ఐదు మాత్రలూ ఒకేసారి మింగేయమనండి’ అన్నారట. హాస్పిటల్‌కు వెళ్తే మా అత్తమామలకు తెలుస్తుందేమో, కేసవుతుందేమో అని టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు

సలహా: ముందు ఆ మూడో షాపు సంగతి. అక్కడ మాత్రలు కొనకండి. ఆ ప్యాక్‌లో ఉండేవి రెండు రకాల మందులు. ఒకటి 200 మిల్లీగ్రాముల మిఫెప్రిస్టోన్ మాత్ర. గర్భం నిలవడానికి కావాల్సిన ప్రొజెస్టిరాన్ హార్మోన్ పని చేయకుండా అది అడ్డుకుంటుంది. మిగతా నాలుగూ 200 మైక్రోగ్రాముల మిసోప్రోస్టాల్ మాత్రలు. ఇవి గర్భసంచిని ముడుచుకునేలా చేసి లోపలున్నదాన్ని బయటికి పంపుతాయి. మొదటి మాత్ర వేసుకున్నాక 24 నుంచి 48 గంటల వ్యవధి ఇచ్చి ఈ నాలుగూ వాడాలి. ఐదూ ఒకేసారి మింగమన్నాయనకు తాను అమ్మే మందు గురించే తెలియదన్నమాట.

చీటీ లేదని వెనక్కి పంపిన వాళ్లు చట్టప్రకారమే నడుచుకున్నారు. మన దేశంలో 1971 నాటి ఎంటీపీ చట్టం కింద అబార్షన్‌కు అనుమతి ఉంది. మాత్రలతో అయితే 9 వారాల్లోపే చేయాలి. అదీ ఈ చట్టం కింద అర్హత ఉన్న అల్లోపతి డాక్టర్ పర్యవేక్షణలోనే. ఊళ్లోని ఆర్ఎంపీలకు, ఆయుర్వేద, హోమియో వైద్యులకు ఈ మాత్రలు ఇచ్చే అధికారం లేదు. అర్హత లేనివాళ్లు అబార్షన్ చేస్తే 2 నుంచి 7 ఏళ్ల వరకు కఠిన కారాగార శిక్ష పడుతుంది.

అయితే నేను చీటీ రాసిచ్చినా ‘ఆ మాత్రలు మేం పెట్టడం లేదు’ అంటున్న షాపులున్నాయి. లింగ నిర్ధారణ కేసులో ఇరుక్కుంటామేమోనని వాళ్ల భయం. ఇది అర్థం లేని భయం. 9 వారాల్లోపు స్కానింగ్‌లో ఆడో మగో కనిపించనే కనిపించదు. సక్రమంగా చీటీ పట్టుకుని వచ్చినవాళ్లకు కూడా లేదంటే, వాళ్లు చివరికి చేరేది మీ మూడో షాపు లాంటి చోటికే.

ఇక మీ విషయానికొస్తే, మీకు డాక్టర్ పరీక్ష మరీ అవసరం. గర్భం ఎన్ని వారాలో లెక్కపెట్టేది చివరి నెలసరి మొదటి రోజు నుంచి. పాలిచ్చే తల్లుల్లో నెలసరి క్రమం తప్పుతుంది కాబట్టి మీరు అయిదు వారాలే అనుకుంటున్నది పది వారాలు కూడా కావచ్చు. అందుకని స్కాన్ చేయించుకోండి. గర్భం సంచిలోనే ఉందో, ట్యూబులో ఉందో కూడా అందులో తెలుస్తుంది. ట్యూబులో ఉంటే ఈ మాత్రలు పనిచేయవు. మాత్రలు వేసుకున్నాం కదా అని నిశ్చింతగా ఉంటే ఈలోపు ట్యూబు పగిలి ప్రాణం మీదికొస్తుంది. సిజేరియన్ అయినవాళ్లలో ఇంకోటి కూడా చూడాలి. పిండం పాత కుట్టు మచ్చలో నాటుకుని ఉంటే మాత్రలతో విపరీతంగా రక్తం పోవచ్చు. ఇది అరుదే, కానీ చూడకుండా వదిలేయకూడదు. అంతకుముందు సిజేరియన్ అయినంత మాత్రాన మాత్రలు వాడకూడదని మాత్రం కాదు.

హిమోగ్లోబిన్, బ్లడ్ గ్రూప్ కూడా చూస్తారు. రక్తం బాగా తక్కువగా ఉన్నా, రక్తం పలచబడే మందులు గానీ చాలాకాలంగా స్టెరాయిడ్లు గానీ వాడుతున్నా ముందే చెప్పాలి. లోపల కాపర్-టీ ఉంటే తీశాకే మాత్రలు ఇస్తారు.

అత్తమామల గురించి, కేసు గురించి అడిగారు. 18 ఏళ్లు నిండిన మహిళ సంతకం ఒక్కటే చాలు. చట్టం భర్త సంతకం కూడా అడగదు. కొన్ని హాస్పిటళ్లు అడుగుతుంటాయి, అది వాళ్లు పెట్టుకున్న పద్ధతే తప్ప రూలు కాదు. గర్భనిరోధక సాధనం విఫలమవడం చట్టం ఒప్పుకున్న కారణమే. 2021 సవరణలో ‘భర్త’ అన్నచోట ‘భాగస్వామి’ అని మార్చారు కాబట్టి పెళ్లికాని వాళ్లకూ ఇది వర్తిస్తుంది. మీ వివరాలు బయటపెట్టిన డాక్టర్‌కు ఏడాది వరకు జైలు గానీ, జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. చట్టప్రకారం డాక్టర్ దగ్గర చేయించుకుంటే మీ మీద కేసు ఉండదు.

మాత్రలు వాడాక కొన్ని గంటల్లో పొత్తికడుపు నొప్పి, నెలసరికన్నా ఎక్కువ బ్లీడింగ్, గడ్డలు పడటం మామూలే. వారం పది రోజులు కొద్దికొద్దిగా కనిపిస్తుంటుంది. వరుసగా రెండు గంటలపాటు గంటకు రెండు ప్యాడ్లు తడిసిపోతున్నా, మరునాటికీ జ్వరం తగ్గకపోయినా, కళ్లు తిరిగి పడిపోయేలా ఉన్నా వెంటనే హాస్పిటల్‌కు వెళ్లండి. అసలు బ్లీడింగే కాకపోయినా డాక్టర్‌కు చెప్పాలి. ఇది చదివేవాళ్లలో ఎవరైనా ఇప్పటికే చీటీ లేకుండా మాత్రలు మింగి ఉంటే, తిడతారనో కేసు పెడతారనో ఇంట్లో కూర్చోవద్దు. ఏం వేసుకున్నారో, ఎప్పుడు వేసుకున్నారో దాచకుండా చెబితే వైద్యం తేలికవుతుంది.

నూటికి కొద్దిమందిలో మాత్రలు పూర్తిగా పనిచేయవు. అలాంటప్పుడు గర్భాన్ని అలాగే కొనసాగించడం మంచిది కాదు. మిసోప్రోస్టాల్ వల్ల బిడ్డకు అవయవ లోపాలు వచ్చే ప్రమాదముంది. చిన్న ట్యూబుతో శుభ్రం చేసే పద్ధతిలో పూర్తి చేస్తారు. అందుకే రెండు వారాల తర్వాత పిలిచినప్పుడు తప్పక వెళ్లండి. ఇంట్లో టెస్ట్ చేసుకుని నిర్ణయానికి రావద్దు, పూర్తయినా కొన్ని వారాలపాటు రెండు గీతలు పడుతూనే ఉంటాయి.

బాబుకు పాలు మాన్పించాల్సిన పనిలేదు. మళ్లీ పిల్లలు పుట్టరేమో అన్న భయమూ వద్దు. పైగా తర్వాతి నెలసరి రాకముందే మళ్లీ గర్భం వచ్చే అవకాశముంది. కాబట్టి కాపర్-టీ గానీ, ఇంజెక్షన్ గానీ మీకేది నప్పుతుందో మొదటి రోజే డాక్టర్‌తో మాట్లాడుకోండి. వెళ్లేటప్పుడు సిజేరియన్ నాటి డిశ్చార్జ్ కాగితాలు పట్టుకెళ్లండి, మీ బ్లడ్ గ్రూప్ కూడా అందులోనే ఉంటుంది. రేపో ఎల్లుండో వెళ్లిపోండి, 9 వారాలు దాటితే మాత్రలకు వీలుండదు.