ఒకే నాటక పద్యం గ్రామఫోను రికార్డులో మూడు నిమిషాలు, స్టేజీ రికార్డింగులో పది నిమిషాలు ఎందుకుంటుంది?

పద్యం మారదు, రాగం తీసే నిడివే మారుతుంది. నిమిషానికి 78 చుట్లు తిరిగే పది అంగుళాల రికార్డు ఒక్కో వైపు సుమారు మూడు నిమిషాలే పడుతుంది. అందుకే గాయకుడు ముందు ఆలాపన తగ్గించి, చివరి రాగం కుదించి ముగించేవాడు. బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు నాటక పందిట్లో సెల్‌ఫోనులో రికార్డు చేసిన దానికి ఆ మూడు నిమిషాల హద్దు లేదు. పైగా 'వన్స్ మోర్' అంటే మళ్ళీ పాడతారు.

తిరుపతి వేంకట కవుల 'బావా ఎప్పుడు వచ్చితీవు' చూడండి. అది శార్దూలం: పాదానికి 19 అక్షరాలు, నాలుగు పాదాలకు 76. మామూలుగా చదివితే అర నిమిషం. మిగతాదంతా రాగమే.

పొడుగ్గా పాడిందే అసలు బాణీ అని చాలామంది అనుకుంటారు, అది పొరపాటు. నిడివి పక్కనపెట్టి ఒకే పాదాన్ని రెండింటిలో వినండి: పదం ఎక్కడ విరిచారు, ఊపిరి ఎక్కడ తీశారు, రాగం ఏ అక్షరం మీద సాగదీశారు. అసలు తేడా అక్కడే దొరుకుతుంది. నా దృష్టిలో అర్థం చెడకుండా విరిచినవాడే మేలు.

శ్రుతిని బట్టి మాత్రం గాయకుణ్ణి అంచనా వేయకండి. పాత రికార్డులన్నీ సరిగ్గా 78 చుట్లకే తీయలేదు. క్యాసెట్ నకళ్ళలోనూ వేగం తప్పుతుంది. వేగం 6 శాతం పెరిగితే శ్రుతి హార్మోనియం మీద పక్క మెట్టుకు పోతుంది, గొంతు కూడా సన్నబడినట్టు వినిపిస్తుంది. ముందు వేగం సరిచేసి, తర్వాత పోల్చండి.