మీ సేవ పత్రంపై మళ్లీ ఇంకు సంతకం అవసరమా?

ప్రశ్న: మేము ఉప్పల్‌లో ఉంటాం. మా అమ్మాయి స్కాలర్‌షిప్ కోసం మీ సేవలో తీసుకున్న ఆదాయ ధ్రువీకరణ పత్రం ఇస్తే, దానిపై ‘సిగ్నేచర్ నాట్ వెరిఫైడ్’ అని, పసుపు రంగు ప్రశ్నార్థకం ఉందని కాలేజీ ఆఫీసువారు తిప్పి పంపారు. తహసీల్దారు ఇంకు సంతకం, గుండ్రటి ముద్ర కావాలన్నారు. తహసీల్దారు కార్యాలయంలో అడిగితే అలా వేసే పద్ధతి లేదన్నారు. చట్టం ఏమంటుంది?

జవాబు: సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 5వ సెక్షన్ ప్రకారం, ఒక పత్రంపై సంతకం ఉండాలని ఏదైనా చట్టం కోరినచోట, నిర్దేశిత పద్ధతిలో చేసిన ఎలక్ట్రానిక్ సంతకం ఉంటే ఆ షరతు నెరవేరినట్లే. కాబట్టి డిజిటల్ సంతకంతో జారీ అయిన మీ పత్రానికి ఇంకు సంతకం అక్కరలేదు. తహసీల్దారు కార్యాలయం మిమ్మల్ని తిప్పి పంపినా, నా దృష్టిలో సరిగానే వ్యవహరించింది. ఒకే కాగితంపై రెండు రకాల సంతకాలుంటే ఏది అసలుదనే కొత్త వివాదం మొదలవుతుంది.

కాలేజీవారి అనుమానాన్ని కూడా కొట్టిపారేయలేము. డిజిటల్ సంతకం ఉండేది కంప్యూటర్ ఫైలులో. కాగితంపై కనిపించేది దాని ఆనవాలు మాత్రమే, దాన్ని ఎవరైనా నకలు చేయవచ్చు. అయితే పసుపు ప్రశ్నార్థకం ఉన్నంత మాత్రాన సంతకం దొంగది కాదు. సాధారణంగా, ఫైలు తెరిచిన కంప్యూటర్‌లోని పీడీఎఫ్ సాఫ్ట్‌వేర్ ఆ సంతకానికి సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థను నమ్మదగినవాటి జాబితాలో చేర్చుకోనప్పుడు ఆ గుర్తు వస్తుంది. సంతకంపై క్లిక్ చేసి వివరాలు చూస్తే, సర్టిఫికెట్ల వరుసలో అన్నిటికంటే పైన ‘సీసీఏ ఇండియా’ (ఇలాంటి సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థలకు లైసెన్సులిచ్చే కేంద్ర ప్రభుత్వ అధికారి) కనిపించాలి. అది ఉంటేనే ఆ జాబితాలో చేర్చండి, అప్పుడు పచ్చని టిక్కు వస్తుంది. ఎదురైన ప్రతి సర్టిఫికెట్‌నూ నమ్మే జాబితాలో పెట్టడం ప్రమాదకరం. అంతకంటే సులువైన మార్గం, పత్రంపై ఉన్న దరఖాస్తు సంఖ్యను గుమాస్తా ఎదుటే మీ సేవ పోర్టల్‌లో నమోదు చేసి సరిచూపించడం.

ఒక జాగ్రత్త: ఫైలును ఈమెయిల్‌లో పంపుతాను, కాగితం ఇవ్వను అని పట్టుబట్టకండి. ఎలక్ట్రానిక్ రూపంలోనే స్వీకరించాలని ప్రభుత్వ శాఖలను నిలదీసే హక్కు 6, 7, 8 సెక్షన్ల ద్వారా ఎవరికీ రాదని అదే చట్టంలోని 9వ సెక్షన్ చెబుతుంది.

అప్పటికీ నిరాకరిస్తే, కారణాన్ని రాతపూర్వకంగా కోరండి. ప్రభుత్వ కాలేజీ అయితే, ఏ ఉత్తర్వు ప్రకారం ఇంకు సంతకం అడుగుతున్నారో సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ప్రైవేటు కాలేజీ అయితే అదే ప్రశ్నను స్కాలర్‌షిప్ మంజూరు చేసే సంక్షేమ శాఖకు వేయండి. కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజావాణిలోనూ అర్జీ ఇవ్వవచ్చు. ఇవేవీ స్కాలర్‌షిప్ గడువును ఆపవు కనుక, ముందుగా పత్రాన్ని కవరింగ్ లెటర్‌తో కాలేజీలో దాఖలు చేసి, తేదీతో రశీదు తీసుకోండి. రశీదు ఇవ్వకపోతే స్పీడ్ పోస్టులో పంపండి. గడువులోగా దరఖాస్తు చేశారనడానికి రుజువు ఉంటేనే తర్వాత ఏ అధికారి ముందైనా మీ వాదన నిలుస్తుంది.