జడ్సన్ చర్చి మారలేదు, మొదటి నుంచీ అంతే

"బాప్టిస్టులంటే కట్టుబాట్లు ఎక్కువ కదా, న్యూయార్క్‌లో వాషింగ్టన్ స్క్వేర్ దగ్గరున్న జడ్సన్ మెమోరియల్ చర్చి అంత ప్రగతిశీలంగా ఎలా మారింది?" అని అడిగారు. మారలేదండీ. మొదటి నుంచీ అంతే. ఒంగోలు బాప్టిస్టు ఇంట్లో పుట్టినవాణ్ణి కాబట్టి గట్టిగానే చెబుతున్నాను.

కొన్నేళ్ల క్రితం మా అమ్మ న్యూజెర్సీ వచ్చినప్పుడు ఒక ఆదివారం ట్రైనెక్కించి అక్కడికి తీసుకెళ్లాను. గుమ్మంలోనే చెప్పులు విప్పబోయింది. చలికాలం, వద్దన్నాను. కొంగు తలమీదికి లాక్కుని లోపలికొచ్చి "బెంచీలేవిరా?" అంది. అక్కడ విడి కుర్చీలే. ఆదివారం ఆరాధన జరిగే హాల్లోనే 1962లో జడ్సన్ డాన్స్ థియేటర్ అనే కొత్త తరహా నృత్య కళాకారుల బృందం మొదలైంది. జాన్ లాఫార్జ్ చేసిన రంగు అద్దాల కిటికీల వంక కాసేపు చూసి, "ఈ జడ్సన్ అంటే బర్మా జడ్సన్ గారేనా?" అని అడిగింది. అవును, బర్మాకు వెళ్లిన ఆ అమెరికన్ మిషనరీ గారేనన్నాను. ఇక సండే స్కూల్లో విన్న కథంతా నా చెవిలో చెప్పడం మొదలుపెట్టింది: ఆయన్ను జైల్లో వేయడం, బర్మా బైబిలు రాతప్రతిని భార్య దిండులో పెట్టి కుట్టి దాచడం, అన్నీ.

ఆ జడ్సన్ గారి కొడుకు ఎడ్వర్డ్, పుట్టింది బర్మాలోనే. తండ్రి పేరున 1890ల మొదట్లో ఈ చర్చి కట్టించాడు. స్క్వేర్‌కి ఉత్తరాన డబ్బున్నవాళ్ల ఇళ్లు, దక్షిణాన ఇటలీ నుంచి వలస వచ్చిన పేదలు. ఆయన దక్షిణం వైపే కట్టాడు. నా లెక్కన ఈ చర్చి చరిత్ర సగం ఆ స్థలంలోనే ఉంది.

మిగతా సగం ఏమిటంటే, బాప్టిస్టులకు బిషప్పు ఉండడు. ఏం చేయాలో ఏ సంఘానికి ఆ సంఘమే తేల్చుకుంటుంది. 1956 నుంచి 1992 దాకా హోవర్డ్ మూడీ అక్కడ పాస్టరుగా ఉండగలిగింది అందుకే. పైన బిషప్పు ఉండి ఉంటే ఏడాదిలో ట్రాన్స్‌ఫర్ చేసేవాడు. అదే స్వేచ్ఛ మన సంఘాలకూ ఉంది. మనం దాన్ని కమిటీ ఎన్నికలకీ, ఆస్తుల మీద కోర్టు కేసులకీ వాడుకుంటున్నాం. ఆ బాధ నాకు చాలా ఉంది.

"వాళ్లు వాక్యం వదిలేసి సమాజసేవలో పడ్డారు" అనేవాళ్లకు మా ఊరి సంగతి గుర్తు చేస్తాను. జడ్సన్ గారిని పోషించిన అమెరికన్ బాప్టిస్టు మిషనే మన తెలుగు మిషన్‌నీ నడిపింది. 1876–78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని మాదిగలకు కూలి దొరికేలా చేశారు. తిండి కోసం చేరుతారేమోనని కరువు నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశారు. తర్వాత 1878 జూలై 3న, ఒక్క రోజులో, గుండ్లకమ్మలో 2,222 మందికి బాప్తిస్మం. కాలువ తవ్వించడం తప్పు కానప్పుడు, మత్తుమందులకు బానిసలైన కుర్రాళ్లను మూడీ చేరదీయడం ఎలా తప్పవుతుంది?

తిరుగు ట్రైన్‌లో అమ్మకు 1967 సంగతి చెప్పాను. అప్పటికి న్యూయార్క్‌లో అబార్షన్ నేరం. మూడీ ముందుండి, 21 మంది పాస్టర్లూ రబ్బైలూ (యూదుల మతగురువులు) కలిసి, ఆడవాళ్లను నమ్మకమైన డాక్టర్ల దగ్గరికి పంపడం మొదలుపెట్టారు. పేపర్లో పేర్లు వేయించుకుని మరీ చేశారు. అమ్మ ముఖం మారిపోయింది. "పాస్టర్లు చేసే పనేనా అది?" అంది. రెండు స్టేషన్ల దాకా మాట్లాడలేదు. తర్వాత, నేనెప్పుడూ వినని ఒక పిల్ల గురించి చెప్పింది. అమ్మతో పాటు క్వయర్‌లో పాడేదట. పెళ్లి కాకుండా నెల తప్పితే ఊళ్లో ఎవరో ఏదో మందు ఇచ్చారట. మూడో రోజుకి పోయింది.

"పాస్టరు గారు సమాధి కార్యక్రమానికి రానన్నారు. మేం ఆడవాళ్లమే పాట పాడాం" అంది. ఏ పాట అని అడిగితే, ట్రైన్‌లోనే సన్నగా అందుకుంది.